అవ్వ మొక్కుకు నా ఎదురు మొక్కు

భార్య చదువు కోసం దేవుడితో నేరుగా మాట్లాడి, ఆ దెబ్బకు దోస్తు ఇంట్లో రెండు ఉయ్యాలలు కట్టించిన మొనగాణ్ని మా జిల్లా మొత్తంలో నేనొక్కణ్నే. చదివేవాళ్లు ముందే నీళ్లు తాగి కూర్చోండి. మధ్యలో పొలమారితే నా పూచీ లేదు.

అప్పుడు పెళ్లయిన కొత్త. మా మేనమామ బిడ్డ లావణ్యే నా భార్య. ఆమె బీఎడ్‌లో చేరింది. టీచరమ్మ కావాలని చిన్నప్పటి నుంచీ ఒకటే పట్టు. చదువు అయ్యేదాకా పిల్లలు వద్దనుకుని, డాక్టరమ్మను అడిగి గోళీలు తెచ్చుకున్నాం. వాటిని లావణ్య బియ్యం డబ్బాలో దాచింది. మా ఇంట్లో బియ్యం కొలిచేది అవ్వేనన్న సంగతి (మా వైపు అమ్మను అవ్వ అంటాం) ఇద్దరమూ మరిచాం.

"దేవుడిచ్చేదానికి అడ్డం పెడ్తర్రా?" అని అవ్వ ఇల్లు పీకి పందిరేసింది. "పొద్దుగాల గోళి మింగి, మాపటికి దీపం పెడ్తె ఆ రాజన్న ఏమనుకుంటడు?"

"గది గాదవ్వా, చదువు..."

"నోర్ముయ్. పటం మీద చెయ్యి పెట్టు. గా గోళీలు మళ్ల ఇంట్లకు రావద్దు."

పెట్టాను. అవ్వ ముందు నేను పిల్లిని. లావణ్య నన్ను చూసిన చూపుకు ఆ పూట అన్నం సహించలేదు.

పోనీ నిరోధ్ తెద్దామంటే, మా వాడకట్టులో ఉన్న ఒక్క మందుల షాపు మా పెద్దబాపుది, అంటే మా నాన్న వాళ్ల అన్నది.

"ఏం గావాలె బిడ్డా?"

"అది... పెద్దబాపూ... తలనొప్పి గోళి."

ఎన్నిసార్లు పోయినా అదే మాట వచ్చింది. ఇంట్లో తలనొప్పి గోళీలు గుట్టపడ్డాయి. చివరికి ఆయనే కంగారుపడి, "గింత చిన్న వయసుల గింత తలనొప్పేందిరా? పా, పట్నం తోల్కపోత" అని షాపుకు తాళం వేయబోయాడు.

ఇంతలో అవ్వ మమ్మల్ని రాజన్న గుడికి తీసుకుపోయింది. మా వైపు సంతానం కోసం కోడె మొక్కు చెల్లిస్తారు. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి, కట్టేసి, కోరిక చెప్పుకోవాలి. "ఏడాది తిరిగేసరికి మనుమడో మనుమరాలో నా ఒళ్లె ఉండాలె సామీ" అని అవ్వ మొక్కింది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. దేవుడికి దరఖాస్తు అవ్వ ఒక్కతే పెట్టుకోవాలని ఎక్కడుంది? ఆమె ప్రసాదానికని అటు పోగానే నేనూ ఒక కోడెను పట్టాను. డప్పుల మోతలో ఆయనకు వినపడదేమోనని గట్టిగానే చెప్పాను.

"రాజన్నా! మా అవ్వ మాట జర పక్కకు పెట్టు. లావణ్య బీఎడ్ అయ్యేదాంక పిల్లల్ని పంపకు. అయినంక ఇంకో కోడె గడ్త!"

తిరుగు బస్సులో లావణ్య చెవిన వేశాను. "ఇగ నీకేం ఫికర్ లేదు. సీదా పైకే మాట్లాడిన."

"బావా, నీకు జరంత దిమాక్ ఉన్నదా?"

జరంత కాదు, బోలెడు ఉందని నా నమ్మకం.

మీరు నమ్మరు గానీ, మొక్కు పనిచేసింది! ఏడాది తిరిగింది, లావణ్య హాయిగా చదువుకుంటోంది, విచిత్రంగా అవ్వ కూడా మనుమల ఊసే ఎత్తలేదు. ఇక నేను ఆగుతానా? నేను పనిచేసేది సాంచాల షెడ్డులో. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఆ చప్పుడులో అరిస్తే తప్ప మాట వినపడదు కాబట్టి, నా ఘనత అరిచి అరిచి అందరికీ చెప్పాను. పక్క సాంచ నడిపే శంకర్‌కు అప్పటికే ఇద్దరు పిల్లలు. భార్యకు ఆపరేషన్ చేయిద్దామని దవాఖానలో మాట్లాడి పెట్టుకున్నాడు.

"కోత ఎందుకురా, కోడె ఉండంగ?" అన్నాను.

"పక్కానా?"

"నన్ను జూడు!"

నన్ను చూశాడు, పాపం. ఆపరేషన్ మానుకుని కోడెను పట్టాడు.

లావణ్య బీఎడ్ పాసయిన సంబరంలో ఉండగా ఒక మధ్యాహ్నం శంకర్ మా ఇంటికి వచ్చాడు. రెండు చేతుల్లో ఇద్దరు పసిగుడ్లు. ఒకదాన్ని నా ఒళ్లో పెట్టాడు.

"ఇగో, నీ మొక్కు."

నేను తగ్గానా? "నీ భక్తిల ఏదో తక్కువైనట్టున్నదిరా" అన్నాను.

వాకిట్లో బియ్యం చెరుగుతున్న అవ్వ చాట కింద పెట్టింది.

"వాని భక్తి గాదుర, నీ తెలివి తక్కువ. నువ్వు కోడె పట్టుకొని ఒర్రంగ నేను ఎనుకనే ఉన్న. గీ పిచ్చోన్ని నమ్ముకుంటె పిల్ల ఆగమైతదని, తెల్లారే కోడల్ని దవాఖానకు తోల్కపోయి కాపర్-టీ ఏయించిన."

ఒళ్లో పసిగుడ్డున్న సంగతి మరిచి లేవబోయి, మళ్లీ కూర్చున్నాను. "మరి దేవునికి అడ్డం పెట్టద్దంటివి గద!"

"అడ్డం పెట్టలే. జర ఆగుమన్న, ఆయన ఆగిండు." అవ్వ మళ్లీ చాట అందుకుంది. "నువ్వు కడుపుల పడ్డనాడు నా బడి బందయింది. దాని బడి కూడ ఎందుకు బందు గావాలె?"

నాకు ఏడుపొచ్చింది. ఆపుకుని లావణ్య మీద పడ్డాను. "మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె సాంచాల కాడ ఒర్రుతవని అత్తమ్మ వద్దన్నది బావా."



శంకర్ నన్ను కొట్టలేదు, అంతకంటే పెద్ద శిక్షే వేశాడు. మగవాళ్లకు చేసే కోత లేని ఆపరేషన్‌కు పోతూ, కవలలను మోయడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. దవాఖాన బల్ల మీద చెరో భుజాన ఒకదాన్ని వేసుకుని కూర్చున్నాను.

"ఇద్దరు నీ పిల్లలేనా?" అంది నర్సమ్మ.

"నా మొక్కు పిల్లలమ్మా" అన్నాను. సరిగ్గా అప్పుడే ఒకటి నా అంగీ తడిపేసింది.

ఆ తడిసిన అంగీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పిల్లలు కావాలన్నా వద్దన్నా డాక్టరమ్మనే అడుగుతాను, కోడెను అడగను. ఈ మాట మీద నన్ను నిలబెట్టమని రాజన్నను వేడుకుందామని కళ్లు మూసుకుని పెదాలు కదిపానో లేదో, ఆపరేషన్ అయి బయటికి వస్తున్న శంకర్ అంత దూరం నుంచే కేక పెట్టాడు:

"వద్దురా నాయనా! నువ్వు మాత్రం మొక్కకు!"