అయిదేళ్ళు ముందే పుట్టినవాడు

దేవుణ్ణీ దెయ్యాన్నీ ఒకే గాటన కట్టి ఊరూరా ఉపన్యాసాలిచ్చిన నోరు, బహ్రెయిన్ వచ్చాక కూడా ఊరుకోలేదు. తొంభైల నడుమ నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో టైపిస్టుని. జింజ్ అనే పేటలో గది. శుక్రవారం మన తెలుగు కూలీలుండే క్యాంపుకి వెళ్ళి, భోజనాలయ్యాక జాతకాల మీదా ముహూర్తాల మీదా వాదన పెట్టేవాణ్ణి. "రుజువు చూపించండి, నమ్ముతాను" అనేది నా ఊతపదం.

ఆ క్యాంపులో కోనసీమ కుర్రాడొకడుండేవాడు. అవాలి అనే ఊళ్ళో ఆయిలు కంపెనీవాళ్ళ ఇళ్ళ దగ్గర మొక్కలకు నీళ్ళు పెట్టే పని. వయసు పదిహేడు. పాస్‌పోర్టులో ఇరవై రెండు. అంత చిన్నవాడికి వీసా రాదని, ఏజెంటు ముందు స్కూలు సర్టిఫికెట్లోనే అయిదేళ్ళు కలిపించాడు. ఇది వింతేమీ కాదు. క్యాంపులో చాలామందికి రెండేసి వయసులుండేవి.

అవాలిలో ఒక అమెరికన్ ఇంజనీరు సాయంత్రాలు తన పిల్లలకూ వాళ్ళ స్నేహితులకూ బేస్‌బాల్ నేర్పేవాడు. ఒకరోజు కంచె దాటి వచ్చిన బంతిని మావాడు, చేతిలోని నీళ్ళ గొట్టాన్ని వదిలేసి, తిరిగి విసిరాడు. చేలో పిట్టల్ని తోలి తోలి ఆరితేరిన చెయ్యి. బంతి నేలను తాకకుండా నేరుగా ఆయన గ్లవ్‌లోకి వెళ్ళింది. ఆయన ఇంకోసారి విసరమన్నాడు. ఆ తర్వాత రోజూ డ్యూటీ అయ్యాక రమ్మన్నాడు.

ఆయన స్నేహితుడొకడు కరీబియన్ దీవుల్లో అకాడమీ నడుపుతున్నాడట. దేశదేశాల కుర్రాళ్ళను తెచ్చి, తిండీ పడకా ఇచ్చి, ఆట నేర్పి, పనికొచ్చినవాణ్ణి అమెరికాలో జీతమిచ్చి ఆడించుకునే జట్లకు అప్పగిస్తారు. పద్దెనిమిది దాటినవాడు వాళ్ళకక్కర్లేదు. సంతలో ఎద్దుకు పళ్ళు చూసినట్టే ఇదీనూ అని నాకు ఒళ్ళు మండింది. కుర్రాడికి మండలేదు.

"తిండెట్టి ఆడుకోమంటారంటండి మేష్టారూ. అక్కడ వీసా ఇచ్చి కట్టిపడేసే కఫీల్ ఉండడంటండి," అన్నాడు.

ఇంజనీరు మంచివాడు. పాస్‌పోర్టు చూసి దిగాలుపడ్డాడు. పుట్టినప్పటి కాగితం ఏదైనా తెస్తే స్నేహితుడికి రాసి చూస్తానన్నాడు. వీడు పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతుల్లో. ఏ ఆఫీసులోనూ రాయించలేదు.

"అమ్మ దగ్గర జాతకం ఉందండి," అన్నాడు కుర్రాడు నేల చూస్తూ. "మీరు పొయ్యిలో పెట్టెయ్యమన్నారు గానండి, నేను అమ్మకి చెప్పలేదండి."

సెలవు మీద వెళ్ళినవాడొకడు దాన్ని పట్టుకొచ్చాడు. పసుపు మరకల కాగితం. తిథీ నక్షత్రాల పక్కన ఇంగ్లీషు తేదీ కూడా ఉంది. పదిహేడేళ్ళే. ఇంగ్లీషులో చెప్పడానికి నన్ను తోడు రమ్మన్నాడు కుర్రాడు. బస్సులో నా వాదన సిద్ధం చేసుకున్నాను. సర్కారుకు అబద్ధం చెప్పేవాడు కూడా జాతకంలో అబద్ధం రాయించడు, రాయిస్తే మోసపోయేది తనే. కనుక ఇందులో గ్రహాలు తప్పయినా తేదీ నిజం. హేతువాది చెప్పదగ్గ మాటే.

ఇంజనీరు వరండాలో కూర్చోబెట్టి, కాగితం మీది గళ్ళ కేసి చూశాడు. ఇదేమిటని అడిగాడు. పుట్టిన వేళకు ఏ గ్రహం ఎక్కడుందో చెప్పే చక్రమన్నాను. దాన్నిబట్టి మనిషి జీవితం తెలుస్తుందా అన్నాడు. తెలుస్తుందంటారన్నాను.

"మీరు నమ్ముతారా?"

అంతదాకా మా ఇంగ్లీషు అందక బిక్కచూపులు చూస్తున్న కుర్రాడికి ఆ ఒక్క ప్రశ్న అందింది. చటుక్కున నా మొహంలోకి చూశాడు. బస్సులో కూర్చుకున్న వాదన నాలుక దాకా వచ్చి అక్కడే ఆగింది. నమ్మనివాడు తెచ్చిన కాగితాన్ని ఈయనెందుకు నమ్ముతాడనిపించింది.

"నమ్ముతాను," అన్నాను.

ఆయన, తనూ చర్చికి వెళ్తానన్నాడు. కాని అక్కడివాళ్ళు పాస్‌పోర్టు తప్ప ఇంకేదీ చూడరనీ, ఇది పంపితే నవ్వుతారనీ చెప్పాడు. కాగితాన్ని మడతల మీదే మడిచి, నేను నమ్ముతానన్నందుకు కాబోలు, రెండు చేతులతో భద్రంగా నాకందించాడు. అప్పుడు వంచిన తల బస్సెక్కేదాకా ఎత్తలేకపోయాను.

కుర్రాడే ముందు మాట్లాడాడు.

"ఏజెంటు అయిదేళ్ళు ముందే పుట్టించేశాడండి. ఆటకి ముసలోణ్ణయిపోయేనండి." నవ్వబోయి మానేశాడు. దిగబోయే ముందు గొంతు తగ్గించి అన్నాడు: "మీరన్నది క్యాంపులో చెప్పన్లెండి మేష్టారూ."

పోగొట్టుకున్నది వాడు. ఓదార్పు నాకు.

ఆ పై శుక్రవారం భోజనాలయ్యాక వంటమనిషి ఎప్పటిలాగే ఎత్తుకున్నాడు. "మేష్టారూ, ఇయ్యాల ఎవరి దేవుణ్ణి దులుపుతారండి?"

అందరూ నవ్వారు. కుర్రాడు నాకోసం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

"జాతకాల మీద చెప్పండి మేష్టారూ. బాగా చెప్తారు మీరు."

వాడి మొహంలో వెటకారం కోసం వెతికాను. ఉంటే బాగుండుననిపించింది. లేదు.

గొంతు పట్టేసిందన్నాను. ఎవరూ రుజువడగలేదు. కుర్రాడు లేచి, మిరియాల పాలు కాచడానికి వంటగదిలోకి వెళ్ళాడు.