అంగుళం సముద్రం

మర్రిగూడలో జాకెట్లు కుట్టే శోభ మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. చెల్లెలు గ్లోరీ విమానంలో పనిచేస్తుంది. ఆమె లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లే రోజున శోభ మిషను పక్కన ఫోను నిలబెట్టి, తెరమీది పటంలో సముద్రపు నీలం మీద పాకే బుల్లి విమానాన్నే చూస్తూ కుడుతుంది. "పోయేటప్పుడు ఎదురుగాలి అక్కా, ఎనిమిది గంటలైతది. వచ్చేటప్పుడు గాలే తోస్తది, జల్ది వస్తం," అని గ్లోరీ చెప్పింది. ఆ గంటలు శోభకు అంతుపట్టవు. అందుకే టేపు తీసి విమానానికీ అవతలి ఒడ్డుకూ మధ్య దూరం కొలుస్తుంది. చిన్నప్పుడు బావిలో మునిగిపోతున్న గ్లోరీని జుట్టు పట్టి పైకి లాగింది తనే. అప్పటినుంచి లోతు నీళ్లంటే శోభకు వణుకు.

ఒక సాయంత్రం ఒడ్డుకు అంగుళం దూరమే మిగిలింది. జాకెట్ కోసం వచ్చిన బిక్షమ్మ, "నీ చెల్లె ఏడుందే, జర నన్ను సూడనియ్యి," అంటూ తెరమీద రెండు వేళ్లు పెట్టి సాగదీసింది. ఒడ్డు తెర దాటిపోయింది. అంతా నీలం, నడుమ విమానం.

"ఒడ్డేది వదినా?" శోభ మిషను ఆపేసింది.

"యాడికి పోతదే! పెద్దగ చేసిన, గంతే. గింతదానికి గా చెమటలేంది?" బిక్షమ్మ నవ్వి, వేళ్లు దగ్గరికి జరిపింది.

ఒడ్డు తిరిగొచ్చింది, మళ్లీ అంగుళం దూరంలోనే. బిక్షమ్మ జాకెట్ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. శోభ టేపు తీయబోయి ఆగింది. ఆ అంగుళంలో ఎన్ని నీళ్లున్నాయో ఇప్పుడు చూసేసింది. ఒళ్లో ఉన్న కుడిచేయి దానంతటదే పిడికిలి బిగించింది, జుట్టు దొరకబుచ్చుకున్నట్టు.