మూడో చరణం పాడని పేట

పాటల వెంట ఊళ్లు పట్టుకు తిరగడం నా జబ్బు. విజయనగరంలో బట్టల కొట్టు గుమాస్తాని. నా అభిమాన గాయకుడు పోయాక ఆయన పాటలే పాడే బృందాలు చాలా పుట్టాయి. వాటిలో సత్యం బృందం ఎక్కడ పాడితే అక్కడికి సెలవు పెట్టి మరీ వెళ్తాను. నా చాదస్తం ఒక్కటే, పాట పూర్తిగా పాడాలి. ఎవరైనా చరణం మింగేస్తే ఆ పూట నాకు అన్నం సహించదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో ఒక మత్స్యకారుల పేటలో గంగమ్మ పండగకి సాయంత్రం నాలుగింటికి ప్రోగ్రాం అని తెలిసి, పొద్దున్న ఏడున్నరకి రైలెక్కాను. శ్రీకాకుళం రోడ్డు దాటాక మా గాయకుడి పాటల్లో నాకు ప్రాణమైన పడవ పాట గురించి సత్యానికి మెసేజి పెట్టాను. "పడవ పాట మూడు చరణాలూ పాడాలి. రెండుతో సరిపెడితే ఊరుకోను." "మీకోసం మూడూ పాడతాను సార్" అని జవాబొచ్చింది. పొంగిపోయాను.

పదింటికి పలాసలో దిగాను. పక్కనే ఉన్న కాశీబుగ్గ బజారంతా జీడిపిక్కలు కాల్చే వాసన. వెళ్లేవాళ్లకి చెప్తున్నాను, తీరంవైపు ఆటో నిండితే గానీ కదలదు, ముందే భోంచేసి ఎక్కండి. నా పక్కన నీలమ్మ అనే ఆవిడ కూర్చుంది. ఆ పేటావిడే, చేపలమ్మి పండగకి పూలు కొనుక్కెళ్తోంది.

"మా పేటకేటి పని బాబూ?"

"పాటలకమ్మా. పడవ పాట మూడు చరణాలూ పాడిస్తున్నాను."

ఆవిడ ముఖం మారిపోయింది. "మూడోదా? వద్దు బాబూ, నీకు పున్నెముంటాది!"

విషయం ఇదీ. చాన్నాళ్ల కిందట పేటలో ఒకే ఒక్క క్యాసెట్టు ఉండేదట. ఒకరోజు మైకులో ఆ పాట వేస్తే, సరిగ్గా మూడో చరణం దగ్గర రీలు చిక్కుపడి నలిగిపోయింది. ఆ సాయంత్రమే గాలివాన. రెండు తెప్పలు తిరిగి రాలేదు. అప్పట్నుంచి సంద్రంలో ఒక్క తెప్ప ఉన్నా ఆ చరణం ఎవరూ వినరు.

"నాను కోడలుగా ఒచ్చేసరికే రీలు నలిగిపోనాది. ఇప్పుడు ఫోనుల్లో దొరుకుతాది. అయినా ఇనం. ఏదో ఒక తెప్ప సంద్రంలోనే ఉంటాది కదా." పూలు ఒళ్లోకి తీసుకుంటూ అంది. "పండగనాడు తెప్పలన్నీ ఇసకమీదుండాల. మా ఇంటాయనా, మరిదీ నిన్న ఏకువన ఎల్లినారు. ఇంకా రానేదు."

నాకు ఇలాంటి నమ్మకాల్లేవు. కానీ పిరికివాణ్ణి, ఒప్పుకుంటాను. మూడో చరణం వద్దని చెబుదామని సత్యానికి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

రెండింటికి పేటలో దిగాం. గాలి మళ్లింది, కొబ్బరి మట్టలు పటపట కొట్టుకుంటున్నాయి. ఇసకమీద వరసగా తెప్పలు, మధ్యలో ఒక ఖాళీ. నీలమ్మ పూలు పట్టుకునే అక్కడికెళ్లి నిలబడింది. నేను పండగ కమిటీ పెద్దని వెతికి పట్టుకుని, మూడో చరణం ఆపించమన్నాను. వయసులో చిన్నవాడే, నవ్వేశాడు.

"ఏటి మావా, ఆ పాటకి రెండే సరణాలు కదా!"

నలిగిన రీల్లో రెండు చరణాలే వింటూ పెరిగినవాడు మరి.

బృందం వ్యాను నాలుగున్నరకి వచ్చింది. సత్యం దిగీ దిగగానే స్టేజి ఎక్కేశాడు. కేకలు, ఈలలు, మా అభిమానుల తొక్కిసలాట. నేను మోచేతులతో జనాన్ని తోసుకుంటూ స్టేజి మెట్ల దాకా వచ్చేసరికి పడవ పాట మొదలైపోయింది. మొదటి చరణం. రెండోది. సత్యం నన్ను చూసి నవ్వి, మూడు వేళ్లు చూపించి ఊపిరి తీసుకున్నాడు.

ఎలా ఎక్కానో తెలీదు. మైకుని అరచేత్తో మూసేశాను.

వాయిద్యాలు ఆగిపోయాయి. రాళ్లు పడతాయని తల దించుకున్నాను. పడలేదు. తలెత్తి చూస్తే పేట మొత్తం మాకు వీపు పెట్టి సంద్రంకేసి తిరిగి ఉంది. ఈ పాట వేసినప్పుడల్లా, నలిగిన రీలు గుర్రుమన్నంతసేపూ వాళ్లు తెప్పల ఇంజిన్ల చప్పుడు కోసం చెవులు రిక్కించి వింటారని తర్వాత నీలమ్మ చెప్పింది. ఏళ్లుగా అంతే. నేనూ విన్నాను. కెరటాలు, గాలి, అంతే. నీలమ్మ మెడ సాచి నిలబడి ఉంది. సరిగ్గా ఒక చరణం పట్టేంతసేపటికి ఒక ముసలమ్మ పల్లవి ఎత్తుకుంది. పేటంతా అందుకుంది.

"ఏమైంది సార్?" అన్నాడు సత్యం. నేను సంద్రంకేసి వేలు చూపించాను.

ఆరింటికి కూడా తెప్ప రాలేదు. నీలమ్మకి నా నెంబరిచ్చి, కబురు తెలిస్తే ఒక్క ఫోన్ చెయ్యమని ఆఖరి ఆటో ఎక్కాను. అలా వదిలేసి వచ్చేస్తున్నందుకు సిగ్గేసింది. కాశీబుగ్గ చేరేసరికి రైలు వెళ్లిపోయింది, బస్సెక్కాను. పాటకీ గాలివానకీ సంబంధమేమిటని నాకు నేనే చెప్పుకున్నాను. పొద్దున్న నేను పెట్టిన మెసేజి మాత్రం ఫోనులో చూసి చూసి చెరిపేశాను.

టెక్కలిలో బస్సు ఆగింది. టీ తాగుతుంటే ఫోన్ మోగింది. అవతల ఏడుపు. గ్లాసు పక్కన పెట్టేశాను.

"ఒచ్చీసినారు బాబూ! ఇంజిను పాడైపోతే తెరసాపేసుకుని ఒచ్చినారు. ఇద్దరూ బాగున్నారు."

నేను బస్సెక్కి నా సీట్లో కూర్చున్నాను. ఆవిడ ముక్కు చీదుకుని అంది.

"ఇయేల తెప్పలన్నీ ఇసకమీదే ఉన్నాయి. ఆ మూడోది ఎలాగుంటాదో నానెప్పుడూ ఇన్లేదు. పాడు బాబూ."

"నేను వినేవాణ్ణే తల్లీ, పాడేవాణ్ణి కాను."

"మా ఇంటాయన కూడా పక్కనే ఉన్నాడు. పాడు."

బస్సు కదిలింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. శ్రుతి ఎటో పోయింది. కానీ ఒక్క మాట కూడా మింగకుండా మూడో చరణం మొత్తం పాడాను.