అత్తగారు చూసిన ఆట

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఐస్ హాకీ ఆడి బతికే కౌశిక్‌కి ముక్కు కాస్త ఎడమకి వంగి ఉంటుంది. ముందుపళ్ళు రెండూ పెట్టుడువి. మ్యాచ్‌కి ముందు వాటిని తీసి, కడిగి, సబ్బుపెట్టెలో పెట్టుకుంటాడు. జట్టులో అతని పని గోల్స్ కొట్టడం కాదు, తమవాళ్ళ మీదికి వచ్చినవాళ్ళని కొట్టడం. ఇంట్లో మాత్రం తలుపు కూడా చప్పుడు కాకుండా వేస్తాడు. ఆటలాడే అల్లుడేమిటని అత్తగారు నాగేశ్వరికి పెళ్ళినాటి నుంచీ అసంతృప్తే. కాకినాడ నుంచి వచ్చిన ఆవిడ ఆ శనివారం మొదటిసారి ఆట చూడ్డానికి కూతురు మనస్వినితో వచ్చి, మంచు మైదానం చుట్టూ ఉండే అద్దం గోడ పక్కనే కూర్చుంది.

ఆవిడ కళ్ళకి రౌడీలా కనబడకూడదని కౌశిక్ చేతులు కట్టేసుకున్నట్టే ఆడాడు. అవతలి జట్టు భారీమనిషి ఒకడు అతణ్ణి రెండుసార్లు పడేశాడు. రెండుసార్లూ కౌశిక్ లేచి, మంచు దులుపుకుని, "సారీ మేట్" అన్నాడు. జనం వెక్కిరింతగా ఈలలు వేశారు. కోచ్ తల పట్టుకున్నాడు. మూడోసారి కౌశిక్ సరిగ్గా అత్తగారి ఎదురుగానే పడ్డాడు. ఆవిడ లేచి అద్దం మీద దబదబా బాదింది.

"ఏంటండీ అల్లుడుగారూ, అలా చూస్తూ ఊరుకుంటారేంటి? ఒక్కటివ్వండి వాడికి."

"ఓకే, ఆంటీ" అన్నాడు తొర్రినోటితో. చేతి తొడుగులు విసిరేసి ఒక్కటిచ్చాడు.

హాలంతా లేచి నిలబడింది. రిఫరీ అతణ్ణి తీసుకెళ్ళి, తప్పుచేసినవాళ్ళని కూర్చోబెట్టే అద్దాల గదిలో కూర్చోబెట్టాడు. నాగేశ్వరి చీర సర్దుకుని కూర్చుంటూ కూతురితో అంది:

"కుర్రాడు బుద్ధిమంతుడేనే. చెప్పిన మాట వింటాడు."