మా తాత తప్పుపట్టిన గ్రీకు కథ

నా చిన్నప్పుడు ప్రత్యేక తెలంగాణ కొట్లాటతో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. తొర్రూరు దగ్గరి మా ఊళ్లో నాకు దొరికిన పుస్తకం ఒక్కటే. వరంగల్ కాలేజీలో చదివే మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడు, తెచ్చిచ్చిన గ్రీకుల పాత కథలు. అవి మా తాతకు చదివి వినిపించేదాన్ని. తాత గొర్రెల కాపరి. అక్షరం రాదు కానీ తప్పు పట్టడంలో మొనగాడు.

ఒక కథలో సముద్రం మీద ఇంటికి తిరిగొస్తున్న రాజు ఒంటికన్ను రాక్షసుడి గుహలో చిక్కి వాడి కన్ను పొడుస్తాడు. గుడ్డివాడైన రాక్షసుడు మేతకు పోయే ఒక్కో గొర్రె వీపూ తడిమి వదులుతుంటాడు. రాజేమో పెద్ద పొట్టేలు పొట్ట కింద వేలాడుతూ బయటపడతాడు. తాత నన్ను అక్కడే ఆపాడు.

"మనిషి బరువుకు పొట్టేలు రెండడుగులు సుత ఎయ్యది. నిజంగ బయటపడాల్నంటె మందల కలువాలె బిడ్డా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అచ్చులో ఉన్నదాన్ని కాదనడానికి ఈయనెవరు అనుకున్నాను.

ఆ వారమే చిన్నబాపు ఇంటికొచ్చాడు. ఊరేగింపులో ముందు నడిచాడని పోలీసులు వెతుకుతున్నారట. మర్నాడు పొద్దున్నే ఊరి దారిలో ఇద్దరు జవాన్లు కాపలా నిలబడ్డారు. దొరికితే జైలే, చదువు గంగలో కలిసినట్టే. మా అమ్మ ఏడుస్తూ కూర్చుంది. తాత మాత్రం చిన్నబాపు ప్యాంటు విప్పించి గోచి కట్టించాడు, నెత్తి మీద గొంగడి కప్పాడు, చంకలో ముందురోజు పుట్టిన గొర్రెపిల్లను పెట్టాడు. ఉరకొద్దు, గొర్రె నడిచినట్టే నడవమన్నాడు. నన్నూ వెంట రమ్మన్నాడు.

మంద దారి నిండా పరుచుకుంది. దుమ్ముకు జవాన్లు ముక్కు మూసుకుని దారి పక్క గట్టు మీదికెక్కారు. ఒకడు చిన్నబాపు వైపు పరీక్షగా చూశాడు. పిల్ల కోసం తల్లిగొర్రె అరుస్తూ చిన్నబాపు కాళ్లకు అడ్డంపడి నడుస్తోంది. అలాంటి మనిషిని కాపరి కాదని ఎవరంటారు? జవాను మొహం తిప్పుకున్నాడు.

వాగు దాటాక చిన్నబాపు గొంగడి, గొర్రెపిల్ల తాత చేతికిచ్చి కొత్తగూడ అడవి వైపు వెళ్లిపోయాడు. తాత చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు.

"గా కథల రాజు ఇల్లు చేరిండా బిడ్డా?" అన్నాడు చివరికి.

నేనింకా అంతదూరం చదవలేదు. అయినా చేరాడనే చెప్పాను. ఇంటికి పోయి ఒక్క బిగిన చివరిదాకా చదివి, అబద్ధం చెప్పలేదని తెలిశాక ఏడ్చాను. చిన్నబాపు ఆరునెలలకు తిరిగొచ్చాడు.

తర్వాత నేను టీచరునయ్యాను. ఏదో దేశం కథ మనకెందుకని పిల్లలు అడిగితే ఏనాడూ వాదించలేదు. రాజు సముద్రం మధ్యలో ఉండగా పుస్తకం మూసి గంట కొట్టించేదాన్ని. మర్నాడు నేను గదిలో అడుగు పెట్టకముందే వాళ్లే ఎదురొచ్చి అడిగేవాళ్లు, ఇల్లు చేరిండా టీచర్ అని.