గంటక్క ల్యాబు

"గంటక్క రిటైరవుతోంది, ఆవిడ గురించి ఒక పేజీ రాసివ్వండి సార్" అని కాలేజీ పత్రికవాళ్ళు నన్ను అడిగారు. పదేళ్ళు ఆవిడ పక్క గదిలో పనిచేసినవాణ్ణి నేనేనట. పనిచేసిన మాట నిజమే. ఆ పదేళ్ళూ ఆవిడను చూసి కుళ్ళుకున్నానన్న సంగతి వాళ్ళకు తెలియదు.

నేను ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే లెక్చరర్ని. ఆవిడ కంప్యూటర్ ల్యాబు అటెండరు. చదువు పదో తరగతితో ఆగిపోయింది. మా దగ్గరికి రాకముందు పదకొండేళ్ళు ఒక పిల్లల డాక్టరు దగ్గర టోకెన్లు ఇచ్చేదట. డాక్టరు ఒక్కడు, వరండాలో అరవైమంది తల్లులు. ఎవర్ని ముందు పంపాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి, ఒళ్ళు కాలిపోతున్న బిడ్డను అందరికంటే ముందు లోపలికి పంపి మిగతా తల్లుల చేత తిట్లు తినకుండా ఎలా బయటపడాలి, ఇదీ ఆవిడ నేర్చుకున్న విద్య. డాక్టరు ప్రాక్టీసు మానేశాక మా కాలేజీలో చేరింది.

ఆవిడ చేరేనాటికి ల్యాబు చేపల మార్కెట్టులా ఉండేది. కంప్యూటర్లు పన్నెండు, పిల్లలు నలభై ఎనిమిదిమంది, ప్రింటరు ఒకటి. ముందొచ్చినవాడు కుర్చీకి అతుక్కుపోయేవాడు, వెనకొచ్చినవాడు గోడకు అతుక్కుపోయేవాడు. ఆవిడ రెండోరోజే బల్లమీద ఒక గంట తెచ్చిపెట్టింది. పది నిమిషాలకోసారి కొట్టేది. గంట మోగగానే కూర్చున్నవాళ్ళు పని సేవ్ చేసి, ఎక్కడిదాకా వచ్చారో చీటీ మీద రాసుకుని లేవాలి. మళ్ళీ వంతు వచ్చినప్పుడు ఆ చీటీ చూసుకుని ఆగిన చోటినుంచి మొదలుపెట్టాలి. ప్రింట్లకు వేరే వరస. ఒకరి కాగితాల్లో ఇంకొకరివి కలవనిచ్చేది కాదు. పక్కవాడి ఫైల్లో వేలుపెడితే చెవి మెలిపెట్టేది. ఎవరి మెషీనైనా మొరాయిస్తే ఎంత పనిలో ఉన్నా ముందు అక్కడికే పరుగెత్తేది. నలభై ఎనిమిదిమందీ ల్యాబంతా తమ ఒక్కరిదే అనుకుంటూ ఇంటికి వెళ్ళేవాళ్ళు.

పక్క గదిలో నేను చెప్పే పాఠమూ ఇదే. "ఆపరేటింగ్ సిస్టమ్ అనగా వినియోగదారునికిని, యంత్రమునకును మధ్య వారధి." పద్దెనిమిదేళ్ళపాటు మొదటిరోజు ఇదే వాక్యం రాయించాను. పిల్లలు ఆవులిస్తూ రాసుకునేవాళ్ళు.

ఆరేళ్ళ క్రితం ఒకరోజు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. మొదటి ప్రశ్న, ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పనులు వివరించండి. ఒకమ్మాయి జవాబు ఇలా మొదలైంది: "ప్రతి మెషీన్లోనూ కనిపించని గంటక్క ఒకరుంటారు." ఆ తరవాతి రెండు పేజీల్లో వెతికినా ఒక్క తప్పు దొరకలేదు. ప్రాసెసరు సమయాన్ని ప్రోగ్రాములకు పంచడం, ఆగిన చోటు గుర్తుపెట్టుకోవడం, ఒకదాని మెమరీలోకి ఇంకొకటి చొరబడకుండా కాపలా కాయడం, ప్రింటరు వరస, అన్నీ ఉన్నాయి. నా వారధి మాత్రం ఎక్కడా లేదు. ఆ కట్టలో పంతొమ్మిదిమంది గంటక్కతోనే మొదలుపెట్టారు. నాకు కడుపు భగ్గుమంది. అందరికీ మార్కులు వెయ్యక తప్పలేదు, అది ఇంకో మంట.

ఇంట్లో చెప్పుకుంటే మా ఆవిడ నవ్వింది.

"పోనీలెండి, పిల్లలకి అర్థమైంది కదా."

"నేను చెప్తే అర్థం కావాలి."

"అయితే మీరూ ఒక గంట కొనుక్కోండి."

సగం అన్నంలో లేచిపోయాను.

అసలు దెబ్బ ప్రిన్సిపాల్ గారు కొట్టారు. "ఈసారి కొత్త పిల్లలకి మొదటి క్లాసు ల్యాబులోనే పెడదామండీ. ఆవిడ చేసి చూపిస్తుంది, మీరు పక్కన ఉండండి" అన్నారు. నా క్లాసులో నేను పక్కన ఉండాలట. ఏడాది మొత్తంలో పిల్లలు నా మొహంలోకి చూసే క్లాసు అదొక్కటే. మర్నాటి నుంచి అందరూ కిటికీలోకే చూస్తారు. ఆ ఒక్కటీ ఆవిడ పరమైతే నాకు మిగిలేది కిటికీయే.

పిల్లలు తమ ల్యాబు రికార్డులు ప్రింటు తీసి ఇవ్వడానికి ఆఖరి రోజు వచ్చింది. ప్రింటరు గది తాళంచెవి ఆ వారం నా దగ్గరుంది. ఎవరి వంతు ఎప్పుడు, ఏ ఇబ్బందికి ఏం చెయ్యాలి అన్నదంతా ఆవిడ ఒక రిజిస్టరులో రాసి పెట్టుకునేది. అది నా చేతికొస్తే ల్యాబు క్లాసు నేనే చెప్పగలనని నా ఎత్తు.

"రిజిస్టరు నాకివ్వండి, తాళంచెవి ఇస్తాను" అన్నాను.

"ప్రింట్లు ఎవరెవరివి అయ్యాయో ఇందులోనే రాసుకోవాలి సార్. అవన్నీ అయ్యాక ఇస్తాను. ముందు తాళం ఇవ్వండి."

"రిజిస్టరు ఇస్తేనే."

"తాళం ఇస్తేనే సార్."

ఇద్దరం భీష్మించుకుని కూర్చున్నాం. ముప్పావుగంట గడిచింది. పిల్లలు అటూ ఇటూ పోలేక గోడల వెంట నిలబడ్డారు. వెనకనుంచి ఒకమ్మాయి మెల్లగా అడిగింది.

"సార్, ఇది డెడ్‌లాకే కదా? మీ దగ్గరున్నది అక్కకి కావాలి, అక్క దగ్గరున్నది మీకు కావాలి. ఇద్దరూ వదలట్లేదు."

అందరి తలలూ ఊగాయి. ఆ పాఠం నేను మూడుసార్లు చెప్పినా వాళ్ళ బుర్రకెక్కలేదు. ఇప్పుడు నన్ను చూస్తే ఎక్కింది. తల కొట్టేసినట్టయింది నాకు.

గంటక్క లేచి రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఎవరో ఒకరు వదలకపోతే పిల్లల పని కాదు సార్. తీసుకోండి."

తీసుకున్నాను. తాళంచెవి ఇచ్చి, రిజిస్టరు చంకలో పెట్టుకుని సిగ్గు లేకుండా నడిచి వచ్చేశాను. మర్నాడు ఆవిడే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి, "క్లాసు సారే చెప్తారండీ, నేను రాసుకున్నదంతా సార్‌కి ఇచ్చేశాను" అని చెప్పి వచ్చింది.

కొత్త పిల్లలు వచ్చారు. ల్యాబు మధ్యలో నిలబడి గంట కొట్టాను, చీటీలు రాయించాను, కుర్చీలు మార్పించాను. డెడ్‌లాక్ దగ్గరికి వచ్చేసరికి నోరు ఊరుకోలేదు. రిజిస్టరు, తాళంచెవి కథంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఒక్కడూ కిటికీ వైపు చూడలేదు. ముందు వరసలోనుంచి ఒకడు అడిగాడు.

"చివరికి ఎవరు వదిలారు సార్?"

"నేనే" అన్నాను.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగంలో నేను విన్న మొదటి చప్పట్లు అవే. గంటక్క గుమ్మం దగ్గర కుర్చీలు సర్దుతోంది. చేతిలో కుర్చీ కింద పెట్టి, నా వైపు చూసి, తనూ చప్పట్లు కొట్టింది.

అందులో ఎక్కడైనా వెటకారం ఉందేమోనని ఆరేళ్ళుగా వెతుకుతున్నాను. లేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదొక్కటే.