ఆఖరి పేరా

ఏలూరు కలెక్టరాఫీసుకి దగ్గర్లో, ఒక సందులో శేషారత్నం డీటీపీ సెంటరు ఉంది. సెంటరంటే ఏదో అనుకునేరు, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, కరెంటు పోతే విసురుకోవడానికి ఒక అట్టముక్క. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ అక్కడే కూర్చుని జనం అర్జీలు టైపు చేస్తోంది. టైపు చెయ్యడానికేముంది, ఎవరైనా చేస్తారు. శేషారత్నం అర్జీని సరిచేస్తుంది. అందుకే కలెక్టరుగారు అర్జీలు తీసుకునే సోమవారం వస్తే భీమడోలు, నల్లజర్ల నుంచి బస్సు దిగినవాళ్ళు కూడా నాలుగు సెంటర్లు దాటుకుని మరీ ఆవిడ దగ్గరికి వస్తారు.

మన వైపు మనుషుల సంగతి తెలిసిందేగా. పని మీద ఒకరింటికి వెళ్తే ముందు వానల గురించి, తర్వాత చేల గురించి, ఆపైన పిల్లల చదువుల గురించి మాట్లాడి, కాఫీ తాగి, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అప్పుడు చెబుతారు వచ్చిన పని. అడిగేది ముందే అడిగేస్తే మర్యాద కాదట! అర్జీలూ అలాగే రాసుకొస్తారు. ‘తమరి దివ్యసముఖమునకు’ అని మొదలెట్టి, తాతల కాలం నుంచి చెప్పుకొచ్చి, కావలసినదేదో అట్టడుగున ఆఖరి పేరాలో ఇరికిస్తారు. అందుకని శేషారత్నం ఏ కాగితం చేతికిచ్చినా ముందు ఆఖరి పేరా చదువుతుంది. దాన్ని ఎత్తి పైన పెడుతుంది.

“ఆఫీసరుగారు మొదటి నాలుగు లైన్లే చూస్తారండి. మీ గోడంతా అక్కడే ఉండాలి,” అంటుంది. “ఒక అర్జీకి ఒకటే విషయం. రెండు అడిగారంటే రెండూ పోతాయి,” అని కూడా అంటుంది. ఈ రెండు ముక్కలతోనే ఎంతమందికో పెన్షన్లు వచ్చాయి, కరెంటు స్తంభాలు పడ్డాయి. ఆవిడకి కాస్త గర్వం ఉండేది. ఉండదూ మరి?

బడులు తెరిచిన వారం జాకబ్ వచ్చాడు. కొల్లేటి లంకల్లో ఉంటాడు, చేపల చెరువు గట్టు మీద కాపలా పని. కూడా ఎనిమిదో తరగతి కూతురు బ్లెస్సీ వచ్చింది. తండ్రి చెబుతుంటే ఆ పిల్లే రాసిన అర్జీ, గుండ్రటి అక్షరాలతో నాలుగు పేజీలు. లంకలో తాగే నీళ్ళు లేవు, ట్యాంకరు పంపించమని సారాంశం. శేషారత్నం చకచకా గీతలు కొట్టుకుంటూ పోయింది. పక్షుల గోల కొట్టేసింది, పోయినేటి తుఫాను కొట్టేసింది. ఆఖర్న ఇంకో పేరా ఉంది. ‘ట్యాంకరు వచ్చినను లోపలికి రాలేదు, చెక్కవంతెన అవతల గట్టు మీదనే ఆగును. కాబట్టి వంతెనకు ఊడిపోయిన బల్లలు కూడా వేయించగలరు.’

“ఇది వేరే విషయమండి. ఇది నీళ్ళ అర్జీ, అది వంతెన అర్జీ,” అని దాని మీదా గీత కొట్టింది శేషారత్నం.

జాకబ్ తల గోక్కున్నాడు. పిల్ల మాత్రం ఊరుకోలేదు. “వేరే కాదండీ ఆంటీ. కాబట్టి అని రాశాను కదండీ,” అంది.

“అబ్బో, తెలుగు మాస్టారమ్మా నువ్వు?” అని శేషారత్నం నవ్వింది. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. పిల్ల సిగ్గుపడి తండ్రి వెనక్కి వెళ్ళింది. “వచ్చే సోమవారం రండి, వంతెనకి వేరే రాసిపెడతాను,” అని ఆవిడ ఒక పేజీ అర్జీ ప్రింటు తీసి చేతిలో పెట్టింది. చూడముచ్చటగా ఉంది ఆ అర్జీ, అడిగింది మొదటి లైన్లోనే ఉంది. నాలుగో రోజుకల్లా ట్యాంకరు మంజూరైంది.

పై సోమవారం జాకబ్ ఆవిడ చెప్పిన ప్రకారం వచ్చాడు. ఆ రోజు కాలేజీ సీట్ల దరఖాస్తులతో వట్లూరు పిల్లలు సందంతా నిండిపోయి ఉన్నారు. శేషారత్నం తలెత్తకుండానే, “ఇవాళ కుదరదండి, పై వారం చూద్దాం. వంతెన ఎక్కడికీ పారిపోదు కదా,” అంది.

“ఆయ్, అలాగేనండి,” అని వెళ్ళిపోయాడు జాకబ్. తర్వాత రెండు సోమవారాలు రాలేదు. నీళ్ళొచ్చాయిగా, ఇంక వంతెనెవడికి కావాలి, అనుకుని ఆవిడ మరిచిపోయింది.

మూడో సోమవారం వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, గడ్డం పెరిగి ఉంది. ఒక కాగితం ఇచ్చాడు. ఈసారి రాత వేరు, కొంకర్లు తిరిగిన పెద్ద పెద్ద అక్షరాలు. పిల్ల బడికెళ్ళుంటుంది, తనే రాసుకున్నట్టున్నాడు అనుకుని శేషారత్నం అలవాటు ప్రకారం ఆఖరి పేరాకి వెళ్ళింది.

‘పై వంతెన మీద మూడు బల్లలు లేని చోట మా అమ్మాయి బ్లెస్సీ, వయసు పదమూడు, ట్యాంకరు నీళ్ళ బిందెతో వస్తూ పడి, నీళ్ళ మీది గుర్రపుడెక్క కిందకు పోయి చనిపోయినది. కాబట్టి బల్లలు వేయించగలరు.’

ఆవిడ ఆ పేరా రెండోసారి చదవలేకపోయింది. పైకి చూస్తే మొదటి పేరాలో ‘ట్యాంకరు పంపినందుకు తమరికి మా లంక ప్రజల కృతజ్ఞతలు’ అని ఉంది. తర్వాత వానల సంగతి. తర్వాత బల్లలెప్పుడు ఊడాయో. ఆ తర్వాతే పిల్ల.

“ఎప్పుడండీ?” అంది.

“పదకొండు రోజులైందండి.”

“ఆ పేరా నేనే తీసేశాను జాకబ్ గారూ. పాప వద్దంటున్నా వినకుండా తీసేశాను.”

“నేనూ ఒప్పుకున్నానుగా మేడంగారూ,” అన్నాడు జాకబ్. తిట్టినా బావుండేది. నలుగురిలో నిలబెట్టి నీవల్లే పోయిందన్నా ఆవిడకి కొంచెం ఊపిరాడేది. ఆ మనిషి కాగితం వైపే చూస్తూ, “మా తమ్ముడి పిల్లలు ఇప్పటికీ దాని మీంచే వెళ్తున్నారండి. మీరు రాస్తే చదువుతారని వచ్చానండి,” అన్నాడు.

శేషారత్నం టైపు చేసింది. జన్మలో మొదటిసారి ఒక్క మాట కూడా కొట్టేయకుండా, అతను రాసిన వరసలోనే చేసింది. పిల్ల పేరు రెండుసార్లు తప్పు పడింది. అంతా అయ్యాక పని తెలిసిన మనిషి గనక ఆవిడకి తెలిసిపోయింది. ఇలా వెళ్తే కృతజ్ఞతల దగ్గరే ఆగిపోతారు, అడుగుదాకా ఎవరూ రారు. మొదటి నాలుగు లైన్లలో చచ్చిపోయిన పిల్ల ఉంటే మాత్రం ఏ ఆఫీసరూ పక్కన పెట్టడు. మొన్న కొట్టేసిన పేరాకి లేని బలం ఇప్పుడు దీనికి వచ్చింది. ఇలాంటి సంగతి తనకి ఇంత బాగా తెలిసినందుకు ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. పైకి పెడదామండీ అని ఆ తండ్రితో ఏ నోటితో అనాలి?

అతనే అన్నాడు. “పాప సంగతి పైన పెట్టండి మేడంగారూ. చదవాలి కదండీ.”

ఆవిడ ఆఖరి పేరా మీద మౌస్ లాగింది. పేరా అంతా నల్లబడింది. కట్ నొక్కింది. పేరా మాయమైంది.

స్క్రీను మీద మిగిలిన అర్జీలో ట్యాంకరు వచ్చింది, వానలు పడుతున్నాయి, వంతెనకి మూడు బల్లలు లేవు, దయచేసి వేయించండి, అంతే. నెల కిందట రాసివ్వాల్సిన అర్జీ అది. అందులో ఎవరూ చనిపోలేదు.

పేస్ట్ నొక్కబోతుంటే జాకబ్ ముందుకి వంగి స్క్రీను చూశాడు. పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాడు.

“ఒక్క నిమిషం అలాగే ఉంచండి,” అన్నాడు.

శేషారత్నం కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. గుమ్మం దగ్గర కాగితాలు పట్టుకుని ఉన్నవాళ్ళు ఇంకెంతసేపండీ అని అడుగుతున్నారు.